బాట ఎవరిది?

మంచి రోడ్డు అనగానే మనకు మోటారు తలపునకు వచ్చును. కాని అమెరికాలో మంచి రోడ్లకై తొలుత ఉద్యమించినవారిలో సైకిలు నడుపువారు ముఖ్యులు. 1880లో ఏర్పడిన వారి సంఘము, రోడ్లకు ప్రభుత్వము ధనమీయవలెనని ప్రచారము సాగించెను.

ధనము వచ్చినది, వారికి చోటు దక్కలేదు. 1956 నాటి కేంద్రచట్టము 41,000 మైళ్ల అంతర్రాష్ట్ర రహదారులకు పూనుకొని, వ్యయములో నూటికి 90 వంతులు కేంద్రమే భరించునట్లు చేసెను. ఆ రహదారులు పెక్కు నగరములలో పేటలను చీల్చుకొని పోయినవి. పొరుగువీధికి నడచి పోవుటయే కష్టమయ్యెను.

1971లో ఆరెగన్ రాష్ట్రమున శాసనసభ్యుడు డాన్ స్టాథోస్ తెచ్చిన బిల్లుపై గవర్నరు టామ్ మెక్కాల్ సంతకము చేసెను. రోడ్ల నిధిలో నూటికి ఒక వంతైనను కాలిబాటలకు, సైకిలు బాటలకు వెచ్చింపవలెను. కొన్ని మినహాయింపులు తప్ప, కొత్తగా వేయు ప్రతి రోడ్డు వెంటను అవి యుండవలెను. ఇదియే అందలి సారము. 1991లో కేంద్రచట్టమును రాష్ట్రములకిచ్చు ఒక ముఖ్యనిధిలో నూటికి 10 వంతులను ఇట్టి బాటలకు, మార్గశోభకు, చారిత్రక కట్టడముల రక్షణ మున్నగువానికి వేరుపరచెను.

నూటికి ఒక వంతు స్వల్పమే. కాని పద్దులో పేరు లేనివానికి బాటలో చోటు లేదు. బడికి నడచిపోవు బాలుని పేరు అందు చేర్చినది ఆ ఒక వంతే యని మనము మరువరాదు.