కొలనుపాక పాఠానికి ఒక సవరణ

మన పూర్వ విద్యార్థుల సంఘానికి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా సంచికకు ఏదైనా రాయమని అడిగారు. సాంఘికశాస్త్రం చెప్పినవాణ్ణి గనుక పాత జ్ఞాపకాలు రాస్తానని మీరు అనుకుని ఉంటారు. నేను మాత్రం ఒక తప్పు దిద్దుకోవడానికి ఈ పేజీలు వాడుకుంటున్నాను.

మీలో చాలామందికి కొలనుపాక విహారయాత్ర గుర్తుండే ఉంటుంది. ఆలేరు స్టేషన్‌లో రైలు దిగి, పులిహోర గిన్నెలు మోసుకుంటూ వెళ్లేవాళ్లం. ముందు జైన మందిరం. అక్కడ స్థానికులు మాణిక్యస్వామిగా పిలిచే ఆదినాథుణ్ణి, నేమినాథుణ్ణి, పచ్చరాతి మహావీరుణ్ణి చూసి, తర్వాత సోమేశ్వరాలయానికి నడిచేవాళ్లం. అక్కడ ఆవరణలో పేర్చిన పాత విగ్రహాల మధ్య నిలబెట్టి నేను ఏటా ఒకే పాఠం చెప్పేవాణ్ణి: "ఇది ఒకప్పుడు జైనుల ఊరు. వీరశైవులు వచ్చారు, జైనం పోయింది." రెండు వాక్యాలు. రాసుకోవడానికి సులువు.

ఒక ఏడాది తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది: "జైనం పోతే, పొద్దున మనం చూసిన గుడి ఏంటి సార్?" పిల్లలు నవ్వారు. నేనూ నవ్వి, "పరీక్షలో ఇంతే అడుగుతారు, రాసుకో" అన్నాను. ఆ అమ్మాయి తల వంచుకుని రాసుకుంది. పదవీ విరమణ తర్వాత తీరిక దొరికాక ఆ ప్రశ్నకు జవాబు వెతికాను. దొరికింది ఇది.

కొల్లిపాక పేరు మనకన్నా ముందు పొరుగువాళ్లు రాసిపెట్టారు. పదకొండో శతాబ్దం మొదటి భాగంలో రాజేంద్రచోళుని తమిళ శాసనాలు అతడు జయించిన చోట్లలో ఈ ఊరిని చెబుతాయి. కోటగోడలున్న పట్టణం కాకపోతే అంత దూరం నుంచి వచ్చిన రాజు గెలిచానని చెప్పుకోడు. కల్యాణి చాళుక్యుల కాలంలో ఇది కొల్లిపాక-7000 అనే పెద్ద నాడుకు కేంద్రం. రాజకుమారులు, సామంతులు ఇక్కడి నుంచి పాలించేవారు.

1125 నాటి శాసనం ఒకటి నన్ను నిలబెట్టేసింది. ఆరవ విక్రమాదిత్యుని కొడుకు కుమార సోమేశ్వరుడు జైనుల దేవత అంబికకు ఒక ఊరిని దానమిచ్చాడని అందులో ఉంది. తర్వాత మూడో సోమేశ్వరుడిగా రాజ్యమేలి, 'మానసోల్లాసం' రచించింది ఆయనే. శివుని పేరు పెట్టుకున్న రాజకుమారుడు, శివాలయమున్న ఊళ్లో, జైన దేవతకు దానం చేశాడు. నేను చెప్పిన రెండు వాక్యాల్లో ఈ సంగతికి చోటేదీ?

అలాగని గొడవలే లేవని చెప్పను. అది ఇంకో తప్పు అవుతుంది. కొలనుపాక వీరశైవులకూ పుణ్యస్థలమే. రేణుకాచార్యులు ఇక్కడి సోమేశ్వర లింగం నుంచి ఉద్భవించారని వారి విశ్వాసం. మనకు దగ్గరలోని పాలకుర్తితో ముడిపడిన సోమనాథుడు 'బసవపురాణం'లో జైనులను ఓడించిన కథలు చెప్పాడు. ఆ వైరం నిజం. రాజాదరణ తగ్గింది, బసదులు పాడుబడ్డాయి, విగ్రహాలు మట్టిపాలయ్యాయి. అయితే తగ్గడం వేరు, పోవడం వేరు.

ఎందుకంటే ఓరుగల్లు 1323లో పడిపోయిన పదేళ్లకు, ఢిల్లీ సుల్తాను కొలువులో గౌరవం పొందిన జినప్రభసూరి అనే శ్వేతాంబర ఆచార్యుడు దేశంలోని జైన తీర్థాల గురించి 'వివిధ తీర్థ కల్పం' పూర్తి చేశాడు. అందులో కొల్లపాక మాణిక్యదేవునికి ఒక కల్పమే ఉంది. మండోదరి పూజించిన విగ్రహమనీ, సముద్రంలో ఉన్నదాన్ని కల్యాణ నగరపు రాజు శంకరుడు తెచ్చాడనీ కథ. కథను చరిత్రగా తీసుకోనక్కర్లేదు. కానీ చాళుక్యుల కల్యాణి పేరు అందులో మిగిలి ఉండటం ఊరికే జరిగింది కాదనుకుంటాను. అంత దూరానికి ఈ ఊరి పేరు మోసుకెళ్లింది యాత్రికులే అయి ఉండాలి.

మనం చూసిన మందిరానికి ఇటీవలి కాలంలో రాజస్థాన్, గుజరాత్ శిల్పులు కొత్త రూపం ఇచ్చారు. అందుకే అది అంత కొత్తగా కనిపిస్తుంది. బహుశా నేనూ ఆ కొత్తదనం చూసే మోసపోయాను. గోడలు కొత్తవి కాబట్టి రాకపోకలూ కొత్తవేనని అనుకున్నాను.

కాబట్టి నా పాఠాన్ని ఇలా దిద్దుకోండి: కొలనుపాకలో జైనం రాజుల అండతో వెలిగింది. శైవంతో కలిసీ, కలహించీ బతికింది. అండ పోయాక చిక్కిపోయింది. దూరప్రాంతాల యాత్రికుల నమ్మకం దాన్ని నిలబెట్టింది. ఒకే ఊళ్లో రెండు గుళ్లూ నేటికీ ఉన్నాయి.

మీలో కొందరు ఇప్పుడు ఉపాధ్యాయులు. పిల్లలను అక్కడికి తీసుకువెళ్తే రెండు గుళ్లూ చూపించండి. ఎవరైనా ప్రశ్న వేస్తే పరీక్ష పేరు చెప్పి నోరు మూయించకండి. ఆనాటి తొమ్మిదో తరగతి అమ్మాయి ఈ సంచిక చదువుతుంటే ఒక మాట: అమ్మా, నీ ప్రశ్నే సరైనది. జవాబు చెప్పడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.