కొల్లేటి చేపల వ్యాపారం

ఏలూరు, కైకలూరు, ఆకివీడు, భీమవరం పరిసరాల చెరువుల్లో పెంచిన మంచినీటి చేపల్ని ఐసు కొట్టి లారీల్లో పశ్చిమ బెంగాల్, అస్సాం వైపు పంపే వ్యాపారం ఇది. పంపే సరుకులో ప్రధానమైనవి శీలావతి, బొచ్చె. ఏ చేప పెంచాలి, ఎంత బరువుకు రాగానే పట్టాలి అన్నవి హౌరా మార్కెట్లో కొనేవాళ్ల ఇష్టాన్ని బట్టే నడుస్తూ వచ్చాయి. అందుకే దీని చరిత్ర సగం కొల్లేటిది, సగం బెంగాలీ వంటింటిది.

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న కొల్లేటికి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీళ్లు తెస్తాయి. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రానికి తీసుకుపోతుంది. ఇక్కడి జాలరి కులమైన వడ్డీలు వలలతో, వెదురు మావులతో సరస్సులో చేపలు పట్టేవారు. నీరు తీసిన మేర వరి వేసేవారు, అదీ వరద పాలుకాకపోతేనే. ఏలూరు బజారుకు వచ్చే కొరమేను, వాలుగ, మార్పు చుట్టుపక్కల ఊళ్లలోనే అమ్ముడయ్యేవి. కొరమేను బేసిన్లో కదులుతుంటేనే ఇక్కడివాళ్లు బేరానికి దిగుతారు. ఐసులో పెట్టిన చేప మీద ఈ ప్రాంతానికి మొదటినుంచీ మోజు లేదు.

పెంపకానికి దారి వేసింది ఒరిస్సాలో జరిగిన ఒక ప్రయోగం. శీలావతి, బొచ్చె నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. పిల్ల కావాలంటే వరదల్లో నదుల నుంచి ఏరుకోవాలి, అందులో పనికిరాని రకాలూ కలిసి వచ్చేవి. 1957 జూలై 10న అంగుల్‌లో శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి బృందం పిట్యూటరీ గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి ఈ జాతి చేపల చేత గుడ్లు పెట్టించింది. దేశంలో మత్స్య రైతుల దినోత్సవం ఆ తేదీనే జరుపుతున్నారు. హేచరీలు వచ్చాక పిల్ల డబ్బిచ్చి కొనుక్కునే సరుకైంది.

1976 ప్రాంతంలో రాష్ట్ర ప్రభుత్వం మత్స్యకారుల సహకార సంఘాల కోసం కొల్లేటిలో చెరువులు తవ్వించింది. చెరువు ఉంటే సరిపోదు. పిల్లకి, మేతకి, పట్టుబడికి పెట్టుబడి కావాలి, అది సంఘాల దగ్గర లేదు. 1980ల్లో డబ్బున్నవాళ్లు వచ్చి లీజుకు తీసుకున్నారు, పక్కనున్న వరి పొలాలూ చెరువులయ్యాయి. పేదవాడి కోసం మొదలైన పథకం పెట్టుబడిదారుడి చేతికి చేరడానికి పదేళ్లు కూడా పట్టలేదు.

పుస్తకాలు చెప్పే మిశ్రమ పెంపకంలో బొచ్చె నీటి పైపొరలో, శీలావతి నడిమిపొరలో, మోసు అడుగున తింటాయి. మూడూ కలిపి వేస్తే చెరువులో ఏ మేతా వృథా కాదు. కొల్లేటి రైతు మాత్రం మోసును వదిలేశాడు, ఎందుకంటే మార్కెట్లో దానికి ధర రాదు. చెరువంతా దాదాపు శీలావతే, తోడుకి కొంచెం బొచ్చె. కొనేవాడి నాలుక ముందు జీవశాస్త్రం నిలవలేదు. పిల్లల్ని కొన్ని నెలలు ఇరుకు చెరువులో అరకొర మేత మీద గిడసబార్చి, తర్వాత పెద్ద చెరువులో వదిలితే ఒక్కసారిగా ఏపుగా పెరుగుతాయన్న కిటుకూ ఇక్కడి రైతులకు బాగా వంటబట్టింది.

మేత పెట్టే తీరు చూడదగ్గది. చెరువులో వరసగా కర్రలు పాతి, చిల్లులు పొడిచిన సంచుల్లో నూనె తీసిన తవుడు, చెక్క నింపి వేలాడదీస్తారు. చేపలు ఆ చిల్లుల దగ్గర మూతి పెట్టి మేత లాక్కుంటాయి. సంచి ఎంత ఖాళీ అయిందో చూసి మర్నాటి మోతాదు నిర్ణయిస్తారు. తాడేపల్లిగూడెం వైపు మిల్లుల్లో బియ్యం ఆడగా మిగిలిన తవుడుకి ఈ సంచులు పెద్ద గిరాకీ తెచ్చాయి. వరిని మింగిన చెరువు ఆ వరి తవుడు మీదే బతుకుతోందన్నమాట.

నీటిలో ఉన్నంతసేపూ చేప రైతు పక్షం. ధర నచ్చకపోతే పట్టుబడి వాయిదా వేస్తాడు, మేత ఖర్చు మాత్రం రోజూ పెరుగుతుంది. వల లాగి, తూకం వేసి, ప్లాస్టిక్ ట్రేలలో ఐసు మధ్య పేర్చాక బేరం కొనేవాడి చేతికి పోతుంది. వెయ్యి కిలోమీటర్లకు పైగా వెళ్లిన సరుకును ఎవరూ వెనక్కి తెచ్చుకోరు. సెల్‌ఫోన్లు వచ్చాక కేరళ జాలర్ల మార్కెట్ల మధ్య ధరల తేడా తగ్గిందని ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సన్ 2007లో చూపించాడు. అక్కడి జాలరి సముద్రంలో ఉండగానే పడవను పక్క రేవుకి తిప్పుకోగలడు. ఇక్కడ ఫోనుతో ఆ పని జరగాలంటే లారీ కదలకముందే జరగాలి.

ఇలా వచ్చే చేపను బెంగాలీలు ‘చాలానీ’ అంటారు, అంటే బయట నుంచి వచ్చిన సరుకు. తమ ఊరి చెరువులో ప్రాణంతో పట్టిన చేపకే అక్కడ గౌరవం, చాలానీది చవక ధర. చాలానీ మీద నమ్మకం ఎంత పలచనో 2018 జూలైలో తేలింది. ఫార్మలిన్ కలుపుతున్నారన్న ఆరోపణలతో అస్సాం ఆంధ్రా చేపల్ని కొన్నాళ్లు నిషేధించింది. 2020 లాక్‌డౌన్ రవాణాను దెబ్బకొట్టింది.

ఈలోగా సరస్సు మీద ప్రభుత్వ పట్టూ బిగిసింది. 1999లో కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ఐదో కాంటూరు (సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) లోపలి చెరువుల గట్లు తెంపారు. కొన్ని మళ్లీ లేచాయి, గొడవ ఇప్పటికీ సాగుతోంది.

దూరపు మార్కెట్ మీద ఆధారం తగ్గించాలని ప్రభుత్వం ‘ఫిష్ ఆంధ్ర’ దుకాణాలు పెట్టించింది. పుస్తెలమ్మైనా పులస తినాలనే గోదావరి జిల్లాల జిహ్వకి చెరువు శీలావతి మాత్రం ఏమంత ఆనలేదు. రైతులు రూప్‌చంద్, పంగస్ వైపూ, 2009లో దేశంలో పెంపకానికి అనుమతి పొందిన వనామీ రొయ్య వైపూ మళ్లారు. రొయ్య తినేవాడు మరీ దూరం. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పెంచినప్పుడు, అంతదాకా హౌరా రేటు అడిగే గట్ల మీద వాషింగ్టన్ కబుర్లు మొదలయ్యాయి.