ఇంటి కప్పు - సున్నం

సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని కార్యదర్శిగారు అడిగారు. రాజుల చరిత్ర నాకు రాదు. రోడ్లు భవనాల శాఖలో ముప్పై ఆరేళ్ళు ఎస్టిమేట్లూ బిల్లులూ రాసిన గుమాస్తాను. నిరుడు మా ఇంటి కప్పుకు రంగు మార్పించవలసి వచ్చింది. దాని చరిత్రే రాస్తున్నాను.

తెనాలిలో మా ఇల్లు 1958లో నాన్నగారు కట్టించారు. మద్రాసు టెర్రేసు. టేకు దూలాల మీద ఏటవాలుగా పేర్చిన ఇటుకలు, గానుగ సున్నం. ఏటా సంక్రాంతికి ముందు వెల్ల వేయించేవారు. పెరటి తొట్టిలో సున్నం పోసి నీళ్ళు పోస్తే కుతకుత ఉడికేది. పిల్లల్ని ఆ ఛాయలకు రానిచ్చేవారు కాదు. మర్నాడు గుడ్డలో వడకట్టి, తుమ్మబంక, కాస్త నీలిమందు కలిపేవారు. తడిగా ఉన్నప్పుడు వేసినట్టే కనబడదు. ఆరినకొద్దీ తెల్లబడుతుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని సున్నం మళ్ళీ సున్నపురాయి అవుతుంది. బట్టీలో పోగొట్టుకున్నదాన్ని కప్పు మీద తిరిగి తెచ్చుకుంటుందన్నమాట.

మా నాన్నగారి పద్ధతే కేంద్ర పి.డబ్ల్యు.డి. స్పెసిఫికేషన్లలోనూ ఉంది. సున్నం 24 గంటలు నానాలి, 10 లీటర్ల తేటకు 40 గ్రాముల బంక కలపాలి. (ఒకసారి బిల్లులో ‘వెల్ల రెండు కోట్లు’ అని రాస్తే కొత్తగా చేరిన అటెండరు కళ్ళు తేలవేశాడు!) నేను రాసిన ఎస్టిమేట్లలో చాలావాటిలో గోడలకు డిస్టెంపరు, కప్పుకు మాత్రం వెల్ల అని ఉండేది. అది ప్రభుత్వం వారి పొదుపు అనుకునేవాణ్ణి. వెల్లకున్న పెద్ద లోపం చొక్కాకు అంటుకోవడం. కప్పుకు ఎవరు ఆనుకుంటారు? ఇంత చిన్న సంగతి నాకు డెబ్బై దాటాక గాని తట్టలేదు.

కంపెనీ రంగుల సంగతి వేరు. మన దేశంలో మొదటి పెద్ద రంగుల ఫ్యాక్టరీ 1902లో హౌరా దగ్గర వెలసిన షాలిమార్ వారిది. ఆ కాలపు నూనె రంగుల్లో తెలుపు కోసం సీసం వాడేవారు. అది విషమని ప్రపంచానికి అప్పటికే తెలుసు. ఇళ్ళ లోపల సీసపు తెల్లరంగు వాడకాన్ని నిషేధిస్తూ, కొన్ని మినహాయింపులతో, 1921లోనే జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడిక చేసింది. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదన్న నిబంధనలు 2016లో వచ్చి, 2017 నవంబరు 1 నుంచి అమలయ్యాయి. మధ్యలో తొంభై ఆరేళ్ళు!

ఆ తొంభై ఆరేళ్ళలో ఒకటి 1984. మా చెల్లెలి పెళ్ళి. ఇల్లు నిగనిగలాడాలని కప్పుకు కూడా నూనె రంగు వేయించాను. మా అమ్మకు ఉబ్బసం. పది రాత్రులు మాఘమాసపు చలిలో వరండాలో కూర్చుని నిద్రపోయింది. “లోపల ఉక్కగా ఉందిరా” అంది గాని వాసన అనలేదు. నేనేమో చుట్టాలందరికీ డబ్బా ఖరీదు చెప్పుకుని తిరిగాను. ఆ వానాకాలమే కప్పు చెమ్మ బయటికి పోయే దారి లేక రంగు బొబ్బలెక్కి, పెళ్ళలుగా కంచాల్లో రాలింది. దానిమీదే తర్వాత రెండుసార్లు ఎమల్షన్ వేయించాను.

ఇప్పుడు మా ఆవిడకూ ఆయాసం. రంగు వాసన తగలనివ్వవద్దని డాక్టరుగారి మాట. ఆవుపేడతో చేసిన ఖాదీ ప్రాకృతిక్ పెయింట్ 2021 జనవరి 12న విడుదలైంది కదా, అది వేయిద్దామన్నాడు అబ్బాయి. ఆలోచన మంచిదే. కాని పెళ్ళలు రాలే కప్పు మీద ఏ రంగు నిలుస్తుంది? గోకాల్సిందే. పాతరంగులో సీసం ఉందనే అనుకుని, మా ఆవిడను వాళ్ళ తమ్ముడింటికి పంపి, సామాను బయట పెట్టించి, నేలంతా ప్లాస్టిక్ పట్టా పరిపించాను. ఉప్పుకాగితంతో పొడిగా రుద్దనివ్వలేదు. నీళ్ళు చల్లి తడి మీదనే గీకించాను. రాలినదంతా మూటగట్టించి, తడిగుడ్డతో నేల మూడుసార్లు తుడిపించాను. నాలుగు రోజులకు నాన్నగారి నాటి గచ్చు బయటపడింది. ఎమల్షన్ మీద సున్నం పట్టదు, గచ్చు మీదనే పడుతుంది.

వెల్ల వేసే మనిషి దొరకడమే కష్టమైంది. చివరికి నా ఈడు మేస్త్రీ ఒకాయన పిడుగురాళ్ళ సున్నం తెప్పించాడు. విషం కాదు గాని సున్నం కళ్ళను కాలుస్తుంది. తల పైకెత్తి చేసే పని కదా. కళ్ళద్దాలు పెట్టుకోమంటే “యాభై ఏళ్ళుగా వేస్తన్నానండీ” అన్నాడు. పెట్టుకునేదాకా నేను నిచ్చెన వదల్లేదు.

మూడో కోటు వేసిన రోజు మధ్యాహ్నం మా ఆవిడ వచ్చింది. గుమ్మంలో నిలబడి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, మెల్లగా తీసేసింది. పైకి చూసి, “అదేమిటండీ, ఇంకా వేయనేలేదా?” అంది.

సాయంత్రం దాకా ఆగమన్నాను.