చీకటిలో ఛాయాగ్రహణం: తాతాపానీ ఆవిరి, హాన్లే ఎరుపు

1890 ప్రాంతంలో బెంగాల్-నాగపూర్ రైల్వే బిలాస్‌పూర్‌కు చేరిన నాటి నుండి ఆ పట్టణపు రాత్రి యార్డు దీపాలదే. ఉద్యోగాలకై వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు అక్కడ చుక్కలకంటె సిగ్నలు దీపాలతోనే పరిచయమెక్కువ. ఉత్తరంగా సాగి అంబికాపూర్ దాటి, బలరాంపూర్ జిల్లాలోని తాతాపానీ చేరితే మాత్రం చీకటిలో నేల ఆవిరులు విడుస్తూ కనిపిస్తుంది. అవి వేడినీటి ఊటలే గాని, ఆగి ఆగి ఎగజిమ్మే గీజర్లు కావు. గీజరంటే మనకు స్నానాలగదిలోని యంత్రం. ఆ మాటకు మూలం ఐస్‌లాండ్‌లోని ఒక ఊట పేరు.

గీజర్లు ఛాయాచిత్రాలకు ముందుగానే లొంగాయి. 1871లో విలియం హెన్రీ జాక్సన్ ఎల్లోస్టోన్‌లో తడి ప్లేట్లపై వాటిని చిత్రించాడు. ప్లేట్లను ఊటల వేడినీటితోనే కడిగితే త్వరగా ఆరేవట! మరుసటి సంవత్సరమే ఆ ప్రాంతం జాతీయోద్యానవనమైంది.

ఆకాశం అంత సులభంగా లొంగలేదు. 1868 ఆగస్టు 18న గుంటూరులో టెన్నెంట్ సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చిత్రించగలిగాడు. కాని 1872 ఫిబ్రవరి 4 రాత్రి ధ్రువకాంతి బొంబాయి వరకు కనిపించినప్పుడు దానికి సాక్ష్యంగా మిగిలినవి మాటలే. నాటి ప్లేట్లు ఆ మందకాంతిని పట్టలేవు. పదేళ్ల తరువాత సోఫస్ ట్రోమ్‌హోల్ట్ నార్వే ఉత్తరాన కౌటొకైనోలో చలికాలమంతా గడిపి ప్రయత్నించినా ప్లేటుపై జాడ పడలేదు. అయితే అక్కడి సామీ ప్రజల ముఖచిత్రాలను అతడు తీసుకొనివచ్చాడు. ఆకాశం కోసం వెళ్లినవాడు మనుషులను భద్రపరచడం ఈ చరిత్రలో నాకు మిక్కిలి ప్రియమైన ఘట్టం. బిలాస్‌పూర్ దారిలో పట్టాలు పరచిన కూలీల ముఖాలను అంత శ్రద్ధతో చూసిన కెమెరా ఏదైనా ఉండి ఉంటే ఎంత బాగుండేది!

1892 జనవరిలో మార్టిన్ బ్రెండెల్ బోసెకోప్‌లో ధ్రువకాంతిని తొలిసారి స్పష్టంగా చిత్రించాడు. 1910లో కార్ల్ స్టోర్మర్ అక్కడికే వెళ్లి దానిని కొలతగా మార్చాడు. దూరదూరంగా ఉన్న రెండు కేంద్రాలను టెలిఫోనుతో కలిపి, ఒకే క్షణాన రెండు చిత్రాలు తీయించాడు. చుక్కల నేపథ్యంలో కాంతి స్థానభేదాన్ని బట్టి దాని ఎత్తు గణించాడు. రెండు స్టేషన్ల మాస్టర్లు లైను క్లియరు అడిగి ఇచ్చుకోవడం ఎరిగిన రైల్వేవారికి ఈ పద్ధతి వింతగా తోచదు. చాలా కాంతులు సుమారు 100 కిలోమీటర్ల ఎత్తున ఉన్నట్లు తేలింది.

2024 మే 10 రాత్రి లడఖ్‌లోని హాన్లేలో, భారత ఖగోళభౌతిక సంస్థవారి సర్వాకాశ కెమెరాలలో ఎర్రని కాంతి నమోదయింది. ఆ సంస్థకు రూపమిచ్చిన వేణు బప్పు, తండ్రి పనిచేసిన నిజామియా వేధశాల నీడలో హైదరాబాదులో పెరిగినవాడే. ఆకుపచ్చ కాంతి తక్కువ ఎత్తున ఉండి క్షితిజం కింద దాగిపోతుంది. 200 కిలోమీటర్లకు పైన ఆక్సిజన్ పరమాణువులు వెలువరించే ఎరుపు మాత్రమే అంత దక్షిణానికి కనిపిస్తుంది. మసక వెలుతురులో మన కన్ను ఎరుపును సరిగా పోల్చలేదు. కెమెరా మాత్రం క్షణాల తరబడి కాంతిని కూడబెట్టి చూపుతుంది.

అదే కూడబెట్టే గుణం తాతాపానీలో చిక్కు తెస్తుంది. షట్టరు అరనిమిషం తెరచి ఉంచితే ఆవిరి సుడులన్నీ కలిసిపోయి తెల్లని తెరగా మారుతాయి. వెన్నెల రాత్రి షట్టరు కొద్ది క్షణాలే తెరచి తీసిన చిత్రంలో ఆ సుడులు కొంత నిలుస్తాయి, చుట్టూ నేల మాత్రం నల్లబడుతుంది.