నాగయ్యగారి రాబడి, ఖర్చు



సినిమా నటుల సంపాదన మాట వస్తే మనకి కుతూహలం ఎక్కువే. నెలజీతంతో ముప్పై రోజులూ నెట్టుకొచ్చేవాళ్ళం గదా! చిత్తూరు నాగయ్యగారి పేరెత్తితే మాత్రం అందరూ అనేది ఒకటే: "పాపం, ఎముక లేని చెయ్యి. దానాలు చేసి అంతా పోగొట్టుకున్నాడు." ఈ మాట సగమే నిజమని నాకనిపిస్తుంది.

ఆయన 1904లో రేపల్లెలో పుట్టారు. పేరు వచ్చింది మాత్రం చిత్తూరు రామవిలాస సభ నాటకాలతో. ఆ ఊరే ఇంటిపేరై కూర్చుంది. ఆ రోజుల్లో నాటకంలో డబ్బంటే రాత్రి లెక్కే. కాంట్రాక్టరు టిక్కెట్లమ్మి, హాలు కిరాయి, దీపాలు, హార్మోనియం, తబలా ఖర్చులన్నీ పోగా మిగిలింది నటుల చేతిలో పెట్టేవాడు. పద్యానికి "వన్స్‌మోర్" పడితే ఎవరో ఒక పెద్దమనిషి వెండి పతకం తగిలించేవాడు. పతకం గోడకి అందమేగాని, పొయ్యి మీదకి బియ్యం తేదు గదా!

1938లో 'గృహలక్ష్మి'తో సినిమాకి వచ్చారు. మరుసటి ఏడే వాహినీవారి 'వందేమాతరం'. తర్వాత 'సుమంగళి', 'దేవత', 1943లో 'భక్త పోతన'. నటించడం, పాడుకోవడం, కొన్నిటికి సంగీతం కూర్చడం, అన్నీ ఆయనే. అప్పట్లో కంపెనీల్లో నటులకి నెలజీతాలే ఎక్కువ. ఆఫీసు గుమాస్తాలాగే ఒకటో తారీకు కోసం చూసుకునేవారన్నమాట. యుద్ధం రోజుల్లో కొత్త డబ్బు సినిమాల్లోకి వచ్చి పడింది. దాంతో నెలజీతం పోయి, పిక్చరుకింతని బేరం మొదలైంది. తెలుగులో మొదట లక్ష రూపాయలు అందుకున్నది నాగయ్యగారేనని సినిమావాళ్ళు చెప్పుకుంటారు. తులం బంగారం వంద రూపాయల చుట్టుపక్కల ఉన్న కాలమది. లక్షంటే దాదాపు వెయ్యి తులాలు!

మరి అంత బంగారం ఏమైంది?

ఇంట్లో ఎప్పుడూ పంక్తి భోజనాలే. సినిమాలకని మద్రాసు చేరిన తెలుగువాడికి ఆ ఇంట విస్తరి పడేది. అడిగినవాడికి లేదనేవారు కారు. (అన్ని విస్తళ్ళకీ వండివార్చిన ఆడవాళ్ళ పేర్లు మాత్రం నేను చదివినవాటిల్లో ఎక్కడా కనపడలేదు.) ఇదంతా నిజమే. కానీ అన్నం పెట్టినంత మాత్రాన వెయ్యి తులాలు కరుగుతాయా?

1946లో 'త్యాగయ్య' తీశారు. నిర్మాత, దర్శకుడు, నటుడు, సంగీతం, అన్నీ ఆయనే. బ్రహ్మాండమైన పేరొచ్చింది. చిక్కు కూడా అక్కడే మొదలైందని నా ఉద్దేశం. ఒకరి పిక్చరులో వేషం వేస్తే, ఆ పిక్చరు పోయినా నటుడు పుచ్చుకున్నది పోదు. సొంతంగా తీస్తే అలా కాదు. ఫిల్ము, స్టూడియో అద్దె, సెట్టింగులు, పైగా తెచ్చిన డబ్బుకి వడ్డీ. ఇల్లు కడుతూ సగంలో ఆపినవాళ్ళకి ఆ వడ్డీ సంగతి నేను చెప్పక్కర్లేదు. గోడలు లేవకపోయినా అది లేస్తూనే ఉంటుంది. 1953లో 'నా ఇల్లు' తీశారు. ఆ తర్వాత 'భక్త రామదాసు' ఏళ్ళ తరబడి సాగి సాగి 1964కి గాని బయటికి రాలేదు. అప్పటికి ఆయనకి అరవై.

ఈలోపల హీరో వేషాలు వెళ్ళిపోయాయి. 1957లో 'పాండురంగ మహాత్మ్యం'లో రామారావుగారికి తండ్రి, 1963లో 'లవకుశ'లో వాల్మీకి. ఆ వాల్మీకిని చూసి చేతులు జోడించని ఇల్లాలు లేదు. అయినా తండ్రి వేషానికి, ముని వేషానికి హీరో డబ్బు ఎవరిస్తారు? నటుడికి ఫించనా, ప్రావిడెంటు ఫండా? మా ఇంటాయన చిన్న ఉద్యోగానికి ఉన్న ఆ భరోసా కూడా అంత మహానటుడికి లేకపోయింది. 1965లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. దాంతో పాటు డబ్బేమీ రాదు.

దానగుణమే ముంచిందంటే వినడానికి పుణ్యకథలా ఉంటుంది. వడ్డీలూ, తగ్గిన వేషాలూ లెక్కలో వేస్తే అది కథ కాదు, జమాఖర్చు. పెట్టిన చెయ్యినే తప్పుపట్టడం నాకు న్యాయంగా తోచదు.

1973 డిసెంబరు 30న మద్రాసులో, డబ్బు ఇబ్బందుల్లోనే కన్నుమూశారు. పట్టుచీరెలకని చెన్నై టి. నగర్ వెళ్ళే మనవాళ్ళు పానగల్ పార్కు పక్కనించే నడుస్తారు. ఆయన విగ్రహం అక్కడే ఉంది.