పలుగు పట్టం అన్న కూలీలు

1962 ఆగస్టు 2 సాయంత్రం న్యూయార్క్ నగరంలో పెన్సిల్వేనియా స్టేషన్ ముందు సుమారు 200 మంది ప్లకార్డులు పట్టుకుని తిరిగారు. ధర్నాలు అలవాటు లేని మనుషులు వాళ్లు. చాలామంది ఆర్కిటెక్టులు, రచయితలు. 1910లో ప్రారంభమైన ఆ స్టేషన్‌ను పురాతన రోమ్ నగరపు స్నానశాలల పోలికలో కట్టారు. బయట 84 గ్రానైట్ స్తంభాలు, లోపల కొండంత ఎత్తు హాలు. నష్టాల్లో కూరుకుపోయిన రైల్వే కంపెనీ పట్టాల పైనున్న జాగాను అమ్ముకుంది. పైన స్టేడియం, ఆఫీసుల టవరు వస్తాయి; ప్రయాణికులు నేలమాళిగలోంచి రైలెక్కాలి. అభ్యంతరం చెప్పుకోవడానికి ఒక చట్టం లేదు, ఆపమని అడగడానికి ఒక అధికారి లేడు. 1963 అక్టోబరు 28న కూల్చివేత మొదలై మూడేళ్లు సాగింది. శిల్పాలు చెక్కిన రాళ్లను లారీల్లో తీసుకెళ్లి న్యూజెర్సీ చిత్తడి నేలల్లో పారబోశారు.

ఆ సాయంత్రపు ప్లకార్డులు స్టేషన్‌ను కాపాడలేదు. కానీ ఆ కూల్చివేతను ఊరంతా కళ్లారా చూసింది. 1965 ఏప్రిల్‌లో నగర మేయరు చారిత్రక కట్టడాల చట్టంపై సంతకం చేశాడు. రెండేళ్లకు గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ ఆ రక్షిత జాబితాలోకి ఎక్కింది. దాని నెత్తిన 55 అంతస్తుల టవరు కడతామని యజమానులు పట్టుబట్టి కోర్టుకెళ్తే, మునిసిపల్ ఆర్ట్ సొసైటీ అనే పౌర సంఘం రంగంలోకి దిగింది. అధ్యక్షుడు కెనెడీ భార్యగా ప్రపంచమెరిగిన జాక్వెలిన్ ఆ ఉద్యమానికి ముందు నిలబడి మేయరుకు ఉత్తరం రాసింది. 1978లో అమెరికా సుప్రీంకోర్టు ఆరుగురు ఒకవైపు, ముగ్గురు మరోవైపుగా నగరం పక్షాన తీర్పు చెప్పింది. కట్టుకునే హక్కుకు హద్దు పెట్టినంత మాత్రాన ఆస్తిని లాక్కున్నట్టు కాదన్నది దాని సారాంశం.

ఇంగ్లండులో ఈ గొడవ ఇంకా పాతది. 1877లో విలియం మోరిస్ పురాతన కట్టడాల రక్షణ సంఘం పెట్టింది కూల్చేవాళ్ల మీద కోపంతో కాదు, బాగుచేసేవాళ్ల మీద కోపంతో. పాత చర్చిల గోడలు గీకేసి, అసలు రూపం తెస్తున్నామంటూ కొత్త శిల్పాలు పెట్టేస్తున్న ఆర్కిటెక్టులను ఆయన తూర్పారబట్టాడు. ఎప్పటికప్పుడు చూరు సరిచేసి, వాన నీరు గోడలోకి దిగకుండా చూసుకుంటే చాలు, అంతకుమించి చెయ్యి పెట్టొద్దన్నది ఆ సంఘం మాట. మన ఊళ్లలో నాలుగొందల ఏళ్ల రాతి మండపానికి ఎనామిల్ రంగులు పూసి, నేల మీద మెరిసే టైల్స్ పరిచి, దాతల పేర్లు చెక్కించే భక్తుల్ని చూసినప్పుడల్లా మోరిస్ ఇక్కడ పుట్టకపోవడం మన దురదృష్టం అనిపిస్తుంది.

ఆ సంఘం ఇప్పటికీ ఉంది. ఇంగ్లండు, వేల్స్‌లలో రక్షిత జాబితాలోని కట్టడాన్ని కూల్చడానికి ఎవరైనా దరఖాస్తు పెడితే, స్థానిక సంస్థ ఆ సంఘానికీ, అలాంటి మరికొన్ని సంఘాలకూ ఆ సంగతి తెలియజేసి తీరాలి. వాళ్లు అభ్యంతరం రాస్తే ఫైలు కాస్త నెమ్మదిస్తుంది. అసలు బలమంతా ఆ నెమ్మదించడంలోనే ఉంది. ఆలస్యం అమృతం విషం అంటారు మనవాళ్లు. పాత కట్టడాల విషయంలో మాత్రం ఆలస్యమే అమృతం. నూరేళ్ల గోడను పొక్లెయిన్ ఒక్క పూటలో నేలమట్టం చేస్తుంది. ఆ పూట గడిచిపోతే బిల్డరు అప్పు వడ్డీ పెరుగుతుంది, మంత్రి మారతాడు, కొత్త ప్లాను వస్తుంది, ఏదో ఒకటి జరుగుతుంది.

హైదరాబాదుకు ఈ సంగతి బాగా తెలుసు. ఇక్కడి 1981 నాటి పట్టణాభివృద్ధి నియమాల్లో వారసత్వ కట్టడాల రక్షణకు 13వ నిబంధన ఉండేది. 2015లో ఆ నిబంధనను తీసేశారు. 2019 జూన్‌లో, ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన ఎర్రమంజిల్ ప్యాలెస్‌ను పడగొట్టి ఆ స్థలంలో కొత్త అసెంబ్లీ కట్టాలని మంత్రివర్గం తీర్మానించింది, శంకుస్థాపన కూడా జరిగిపోయింది. నగర పౌరులు ప్రజాప్రయోజన వ్యాజ్యాలు వేశారు. సెప్టెంబరు 16న హైకోర్టు మంత్రివర్గ నిర్ణయాన్ని కొట్టేసింది. ప్యాలెస్ మిగిలింది.

ఉస్మానియా ఆసుపత్రి కథ ఇంత తేలిక కాదు. 1908 మూసీ వరదలో పాత ఆసుపత్రి కొట్టుకుపోయాక, ఏడో నిజాం హయాంలో విన్సెంట్ ఎష్ గీసిన నమూనాతో లేచిన భవనం అది. 2015లో దాన్ని కూల్చేస్తామని ప్రభుత్వం అన్నప్పుడు, మరమ్మతు చేస్తే నిలుస్తుందని వారసత్వ పరిరక్షణ సంస్థ ఇంటాక్ వాదించింది. 2020 జులై వానలకు వార్డుల్లోకి నీళ్లొచ్చి, రోగులు మంచాల మీద కాళ్లు ముడుచుకుని కూర్చున్న దృశ్యాలు టీవీల్లో వచ్చాయి. ఆ మంచం మీదున్న మనిషికి గుమ్మటాల అందం గురించి చెప్పబోతే చెప్పుతో కొడతాడు. చివరికి 2025 జనవరిలో కొత్త ఆసుపత్రికి గోషామహల్‌లో శంకుస్థాపన చేశారు. పదేళ్ల ముందే వేరే జాగా వెతికి ఉంటే ఇటు రోగికీ, అటు గుమ్మటానికీ ఆ తిప్పలు తప్పేవి. కట్టడాన్ని కాపాడమనే సంఘాలు అందులో మసిలే మనిషి సంగతి కూడా తమ అర్జీలోనే రాయాలన్నది నా అభిప్రాయం.

మనిషినీ గోడనూ కలిపి చూసినవాళ్లు లేకపోలేదు. జపాన్‌లో కిసో లోయలో త్సుమాగో అని ఒక ఊరుంది. క్యోటోకూ ఇప్పటి టోక్యోకూ మధ్య కాలినడక బాటలో అదొక మజిలీ. రైలు మార్గం ఊరిని తప్పించి పోవడంతో సత్రాలు మూతపడ్డాయి, కుర్రాళ్లు పట్నాలకు వెళ్లిపోయారు. 1968లో ఊరివాళ్లంతా సంఘం పెట్టుకుని పాత చెక్క ఇళ్లను బాగుచేసుకోవడం మొదలుపెట్టారు. 1971లో ఒక ఒడంబడిక రాసుకున్నారు: ఇల్లు అమ్మం, అద్దెకివ్వం, పడగొట్టం. చూడటానికి వచ్చేవాళ్లు పెరిగేకొద్దీ బయటి డబ్బు వచ్చి ఊరిని మింగేస్తుందని వాళ్లకు ముందే తోచింది. కరెంటు తీగలు కంటికి కనపడకుండా మళ్లించారు, పగటిపూట వీధిలోకి కార్లు రానివ్వరు. 1975లో ప్రభుత్వం సంప్రదాయ కట్టడాలున్న పేటలను మొత్తంగా కాపాడేలా చట్టాన్ని సవరించింది. మరుసటి ఏడాది ఆ జాబితాలో చేరిన మొదటి ఊళ్లలో త్సుమాగో ఒకటి.

అమ్మం అనడానికి ఇల్లు తమదై ఉండాలి. సిడ్నీలో రాక్స్ పేట జనానికి ఆ వీలు లేకపోయింది, వాళ్లందరూ అద్దెకున్నవాళ్లే. 1788లో ఇంగ్లండు నుంచి ఖైదీలతో వచ్చిన ఓడలు లంగరు దించిన తీరం అది. 1900లో ప్లేగు వస్తే ప్రభుత్వం ఆ పేటను మొత్తం స్వాధీనం చేసుకుని వందలాది ఇళ్లు పడగొట్టింది. తర్వాత హార్బర్ వంతెన కోసం ఇంకొన్ని పోయాయి. మిగిలిన రాతి ఇళ్లలో ఓడరేవు కార్మికులు తరతరాలుగా సర్కారుకు అద్దె కట్టి బతికేవాళ్లు. 1970 నాటికి వాళ్లను ఖాళీ చేయించి ఆఫీసు టవర్లు లేపడానికి ఒక ప్రత్యేక సంస్థ ఏర్పాటైంది.

ఆ రోజుల్లోనే ఊరికి ఇంకో పక్క ఒక చిత్రం జరిగింది. హంటర్స్ హిల్ అనే సంపన్నుల పేటలో నది ఒడ్డున కెల్లీస్ బుష్ అనే చిట్టడవి ఉంది. అక్కడ ఖరీదైన ఇళ్లు కడతామని ఓ కంపెనీ వస్తే, ఆ పేటలోని 13 మంది గృహిణులు మేయరు దగ్గర్నుంచి రాష్ట్ర ప్రభుత్వ పెద్దల దాకా అందరి గడపలూ ఎక్కి దిగారు. ఎవరూ వినలేదు. 1971లో వాళ్లు చివరికి తట్టింది భవన నిర్మాణ కూలీల యూనియన్ తలుపు. దాని కార్యదర్శి జాక్ మండీ కమ్యూనిస్టు. క్వీన్స్‌లాండ్ పల్లె నుంచి రగ్బీ ఆడటానికి సిడ్నీ వచ్చి, కూలి పనిలో స్థిరపడ్డవాడు. సాధారణంగా ఈ రెండు వర్గాలూ ఒక గదిలో కూర్చోవు.

యూనియన్ ఒక షరతు పెట్టింది: మీ పేటవాళ్లకు నిజంగా కావాలో లేదో బహిరంగ సభ పెట్టి తేల్చండి. సభకు 600 మంది వచ్చారు. యూనియన్ ఆ పనిపై నిషేధం ప్రకటించింది. బయటి కూలీలను తెచ్చుకుంటామని కంపెనీ అంటే, అదే కంపెనీకి ఇంకో చోట సగం కట్టిన భవనం మీద పనిచేస్తున్నవాళ్లు, అక్కడ ఒక్క చెట్టు పడితే ఈ భవనం ఎప్పటికీ సగంలోనే నిలబడుతుందని తీర్మానం చేశారు. ఆ అడవి ఇప్పటికీ ఉంది.

ఆ తర్వాత యూనియన్ గడప ముందు జనం వరస కట్టారు. కూల్చే పని, తవ్వే పని, పరంజా కట్టే పని ఈ యూనియన్ వాళ్లదే కాబట్టి వాళ్లు కదలకపోతే ఏ ప్రాజెక్టూ మొదలుకాదు. జనం అడిగితేనే నిషేధం, తమంతట తాము పెట్టరు. అలా నాలుగేళ్లలో నలభైకి పైగా నిషేధాలు వచ్చాయి. వాటికి గ్రీన్ బ్యాన్ అని పేరు పడింది. పని మానుకుంటే కూలి పోతుంది కదా అని ఎవరికైనా అనుమానం రావచ్చు. అది నిర్మాణాలు ఊపందుకున్న కాలం. ఒకచోట కాకపోతే ఇంకోచోట పని దొరికేది. ఆ త్యాగానికి అంత గిరాకీ కూడా తోడైందని చెప్పుకోవడం వాళ్లను తక్కువ చెయ్యడం కాదు.

రాక్స్ పేటవాళ్లూ అడిగారు, నిషేధం వచ్చింది. ఆ వ్యవధిలో వాళ్లు తమ సొంత ప్లాను ఒకటి గీసుకున్నారు. 1973 అక్టోబరులో యూనియన్‌తో సంబంధం లేని కూలీలను దింపి కూల్చివేత మొదలుపెట్టబోతే, కాపురాలున్న ఆడవాళ్లు, కూలీలు అడ్డంగా కూర్చున్నారు. పోలీసులు మండీని చేతులూ కాళ్లూ పట్టి మోసుకెళ్లిన ఫోటో ఆస్ట్రేలియాలో చాలామంది ఎరిగిందే. పేట నిలిచింది.

మంచి రోజులు ఎక్కువ కాలం సాగలేదు. 1975 నాటికి నిర్మాణ రంగం మందగించింది, యూనియన్ జాతీయ నాయకత్వం రాష్ట్ర శాఖను మింగేసి నిషేధాలను ఎత్తేసింది. సిడ్నీలోనే విక్టోరియా వీధిలోని ఇళ్ల కోసం తన చిన్న పత్రికలో రాస్తూ పోరాడిన జువానిటా నీల్సన్ 1975 జులై 4న కనిపించకుండా పోయింది. ఆమె ఏమైందో ఇప్పటికీ తేలలేదు. అయినా అంత ఆలస్యం వృథా కాలేదు: 1977లో న్యూసౌత్‌వేల్స్ రాష్ట్రం వారసత్వ చట్టం తెచ్చింది. ఒకప్పుడు పోలీసులు మోసుకెళ్లిన మండీ తర్వాత రోజుల్లో ఆ రాష్ట్ర చారిత్రక గృహాల ట్రస్టుకు అధ్యక్షుడయ్యాడు.

రాక్స్‌లో నిలువ నీడ పోయినవాళ్ల కోసం 1980 నాటికి సిరియస్ అనే కాంక్రీటు భవనం కట్టారు. పెట్టెలు పేర్చినట్టుండే ఆ భవనాన్ని చాలామంది వికారం అన్నారు. వంతెన పక్కనే, ఒపేరా హౌస్ కనబడేలా, పేదలు ఉండేవాళ్లు. 2014లో ప్రభుత్వం మిల్లర్స్ పాయింట్, రాక్స్ ప్రాంతాల్లోని 293 ప్రభుత్వ ఇళ్లను అమ్మకానికి పెట్టింది, సిరియస్ అందులో ఉంది. వారసత్వ మండలి దాన్ని జాబితాలో చేర్చమంటే మంత్రి కాదన్నాడు. కాపాడుదామన్న సంఘం కోర్టుకెళ్లి 2017లో గెలిచింది. మంత్రి నిర్ణయం చెల్లదని కోర్టు అంది. కూలీల యూనియన్ వారసులు మళ్లీ గ్రీన్ బ్యాన్ పెట్టారు, ముసలి మండీ మళ్లీ వచ్చి నిలబడ్డాడు. అయినా భవనం జాబితాలోకి ఎక్కలేదు. 2019లో 15 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లకు అమ్ముడుపోయింది. కొన్నవాళ్లు దాన్ని పడగొట్టలేదు. ఆ పెట్టెల్నే ఉంచి, మెరుగులు దిద్ది, కోటీశ్వరులకు ఫ్లాట్లుగా మార్చారు. చివరి అద్దెదారు 2018లోనే ఖాళీ చేసి వెళ్లిపోయింది. మండీ 2020 మేలో పోయాడు.