పూర్వవిద్యార్థుల కుటుంబవార్తలు



గోదావరి పడమటి గట్టుననున్న మా కొవ్వూరు గోష్పాదక్షేత్రమని మీరెరుగుదురు. గౌతమమహర్షి గోవు కథయు మీ యిండ్ల పెద్దలు చెప్పగా వినియే యుందురు. పండ్రెండేండ్ల కొకమారు పుష్కరము వచ్చినప్పుడు ఆ రేవున వేలకొలది జనులు పితృదేవతలకు పిండప్రదానము చేయుదురు. పురోహితుడు సంకల్పము చెప్పించి, "తండ్రిగారి పేరు?" అని యడుగును, చెప్పుదురు. "తాతగారి పేరు?" అనును, చెప్పుదురు. "ముత్తాతగారి పేరు?" అనగానే పలువురు వెనుకకు తిరిగి అన్నగారి ముఖమో బాబయ్యగారి ముఖమో చూతురు. ఇక తాతమ్మ పేరడిగినచో తల వంచుకొనువారే యెక్కువ. మూడు తరములకే పేరు మాసిపోవుచున్నది. పొలము గట్లు మాసినచో మనము సర్వేయరును పిలుతుము గాని, పేరు మాసినప్పుడు ఎవరిని పిలువగలము?

ఈ ప్రశ్నయే నేటి నా ప్రసంగమునకు మూలము. నేను ముప్పదియేండ్లకు పైగా బడిపంతులుగా నుంటిని. నాచే చదువుకొన్న బిడ్డల పుట్టుకలు, పెండ్లిండ్లు, మరణములు ఎవరు వ్రాసియుంచిరి? ఎవరు వ్రాయవలెను? ఈ విషయమున కతోలికుల పాఠశాలల చరిత్రనుండి మనము నేర్వదగినది కొంత కలదు.

మన పూర్వులు ఉపాయము లేనివారు కారు. భట్రాజులు వంశావళులు చదివిరి. కాశీలోను గయలోను పండాలు తమ వహీలలో యాత్రికుని ఊరును, తండ్రితాతల పేర్లను వ్రాసికొనిరి. చెన్నపురి రాజధానిలో 1899వ సంవత్సరమున జననమరణముల నమోదునకు చట్టము వచ్చెను. పల్లెలలో ఆ లెక్క గ్రామమునసబు చేతిలో నుండెడిది. 1969లో దేశమంతటికి ఒకే చట్టమేర్పడెను. మన రాష్ట్రమున మునసబు కరణముల యుద్యోగములు 1984లో రద్దయ్యెను. అయినను భట్రాజులు చదివినది కలవారి వంశములనే. పండా వ్రాసినది యాత్ర చేయగలిగినవారి పేర్లనే. మునసబు పుస్తకమున "మగశిశువు" అనియో "ఆడశిశువు" అనియో మాత్రము వ్రాసి, పేరుండవలసిన గడిని వట్టిగా విడిచిన పంక్తులు పెక్కులు.

కతోలికుల పద్ధతి వేరు. ఐరోపాఖండమున జరిగిన త్రెంతు మహాసభ, ప్రతి విచారణ గురువును జ్ఞానస్నానములకు, వివాహములకు పుస్తకము లుంచవలెనని 1563లో శాసించెను. 1614లో వెలువడిన రోమను సంస్కారగ్రంథము మరణములకును పుస్తకమును విధించెను. శిశువు పేరుతోపాటు తండ్రి పేరు, తల్లి పేరు, సాక్షులుగా నిలిచినవారి పేర్లు అందెక్కవలెను. జమీందారు బిడ్డయైనను కూలివాని బిడ్డయైనను ఒకే పుట, ఒకే వరుస. మతవిషయ మటుంచి, తల్లి పేరును తప్పక వ్రాయుమన్న యీ నియమ మొక్కటియే ఆ పుస్తకములకు ఎంతటి విలువను కూర్చినదో యోచింపుడు.

ఈ పద్ధతినెరిగిన గురువులు మన తీరమునకు వచ్చిన కథ సంగ్రహముగా చెప్పెదను. సవోయి సీమలోని అన్నెసీ నగరమున పియరు మెర్మియే గురువు 1838లో ఫ్రాన్సిసు దె సేల్సు పేర నొక గురుసంఘమును స్థాపించెను. ఆ సంఘపు గురువులు 1846లో విశాఖపట్టణము చేరి, మరుసటి యేడు, అనగా 1847లో, సెయింటు అలోసియసు పాఠశాలను నెలకొల్పిరి. మన ధవళేశ్వరమున కాటను దొర ఆనకట్టపని మొదలిడినదియు ఆ యేడే. 1849లో అన్నెసీనుండియే సెయింటు జోసెఫు సభకు చెందిన మఠకన్యలు వచ్చి గోదావరి ముఖమున నున్న యానాములో దిగిరి. అప్పటికి పదియేండ్లక్రింద, 1839లో, కోరంగి యుప్పెన ఆ తీరమునంతను తుడిచివేసియుండెను. ఉప్పెనలో మనుష్యులతోపాటు కాగితములును పోవునని అచటివారికి వేరుగా చెప్పనక్కరలేదు.

యానామును గూర్చి యింకొకమాట. ఆ యూరు ఫ్రెంచివారి పాలనలో నుండుటచే జననవివాహమరణములను సర్కారు పుస్తకములలో వ్రాయించు పద్ధతి అచట నుండెను. 1929లో ఇంగ్లీషువారి యిండియాలో శారదాచట్టము పుట్టి, పదునాలుగేండ్లు నిండని బాలికలకు పెండ్లి కూడదని 1930 ఏప్రిలునుండి అమలులోనికి రాగా, మన జిల్లాలవారు కొందరు బిడ్డలను బండ్లలోను పడవలలోను యానాము చేర్చి పెండ్లిండ్లు చేసిరి. అందుచే ఆ యూరికి కల్యాణపురమను పేరు వచ్చినది. మఠకన్యలు బాలికల చదువునకై అడుగిడిన యూరికే ఎనుబదియేండ్ల పిమ్మట బాలికల చదువు మాన్పించు పెండ్లిబండ్లు వచ్చుట గమనింపుడు. పుస్తకము జరిగినదానిని వ్రాయునే గాని, జరుగదగినదానిని నిర్ణయింపదు. అయినను వ్రాసియుంచినప్పుడే తరువాతి తరము తన తప్పు నెరుగును. పాత పాఠశాల పుస్తకములలో బాలికల పేర్ల కెదురుగా, బడి విడుచుటకు కారణమను గడిలో, "వివాహము" అను నొక్క మాటను నేను కన్నులార చూచితిని. ఆ మాట వెనుక నొక జీవితమంతయు నుండెను.

ఇక బడిపుస్తకము మాట. మన మందరము అడ్మిషను రిజిస్టరని పిలుచు దానిలో విద్యార్థి పేరు, తండ్రి లేక సంరక్షకుని పేరు, పుట్టినతేది, చేరినతేది, విడిచినతేది యుండును. అందలి పుట్టినతేదియైన నిజమని నమ్మరాదు. తల్లి "పుష్కరాల మరుసటేడు, వరికోతలప్పుడు" అని చెప్పును. పంతులు లెక్కవేసి, బడిలో చేర్చుకొనుటకు వయస్సు సరిపోవునట్లు, "జూలై 1" అని వ్రాయును. మన పల్లెలలో జూలై 1న పుట్టినవారు అంతమంది యెట్లుండిరో యిప్పుడు మీకు తెలిసియుండును. నేనును అట్లు వ్రాసినవాడనే. విడిచినతేది వేసి టి.సి. చేతికిచ్చినతోడనే ఆ బిడ్డ కథ బడికి ముగిసినట్లే. కాని బిడ్డకు కథ మొదలగునది అప్పుడే గదా!

ఒక యుదాహరణము చూడుడు. 1888 నవంబరు 7న తిరుచిరాపల్లిలో పుట్టిన బాలుడొకడు, తండ్రి రామనాథ అయ్యరుగారు 1892లో విశాఖపట్టణము ఎ.వి.ఎన్. కళాశాలకు గణిత భౌతికశాస్త్రాధ్యాపకులై వచ్చుటచే, సెయింటు అలోసియసు పాఠశాలలో చదివి, పదునొకండవ యేటనే మెట్రిక్యులేషను ముగించెను. బడిపుస్తకమున కతడొక పంక్తి మాత్రమే. ఆ పంక్తి చెప్పని సంగతులను వినుడు. 1907 మే నెలలో అతడు కట్నము గైకొనక లోకసుందరి యను కన్యను తానే కోరి పెండ్లాడెను. ఆమె వీణపై త్యాగరాజకృతి వాయించుచుండగా విని మెచ్చెనని చెప్పుదురు. 1909లో ఉద్యోగముపై రంగూను వెళ్లి, కొలదినెలలకే తండ్రి వ్యాధిచే మద్రాసునకు మరలివచ్చెను. తండ్రి గతించెను, అపరక్రియలకై అచటనే నిలువవలసివచ్చెను. 1928 ఫిబ్రవరి 28న కాంతినిగూర్చి యొక క్రొత్తసత్యమును కనుగొనెను. 1929లో రెండవకుమారుడు పుట్టెను. 1930లో నోబెలు బహుమానము వచ్చెను. అతడే చంద్రశేఖర వెంకటరామను, మనము సి.వి. రామనని పిలుచు మహాశాస్త్రజ్ఞుడు. 1970 నవంబరు 21న బెంగుళూరులో కన్నుమూసెను. అతని కోరికచొప్పున తన పరిశోధనసంస్థ తోటలోనే దహనము జరిగినది. లోకసుందరిగారు 1980లో గతించిరి. అన్నగారి కుమారుడు చంద్రశేఖరునకు 1983లో నోబెలు బహుమానము వచ్చినది. 1929లో పుట్టిన ఆ కుమారుడు రాధాకృష్ణను రేడియోతరంగములచే నక్షత్రములను పరిశీలించు విద్యలో పేరుగాంచి 2011లో మరణించెను.

ఈ పుట్టుకలు, పెండ్లి, మరణములు మనకెట్లు తెలిసినవి? అతడు రామనగుటచే తెలిసినవి. ఆ తరగతిలో అతని ప్రక్కన అదే బల్లపై కూర్చున్న పిల్లల మాట యేమి? వారికిని తండ్రులు గతించిరి, బిడ్డలు పుట్టిరి. మన గోదావరిసీమనుండి ఎందరో రంగూనునకు ఓడలెక్కిరి. మన తెలుగు కూలీలను ఆ దేశమువారు కోరంగీలని పిలిచిరి. 1942లో జపాను సేనలు బర్మాను ముంచగా, నడచివచ్చుచు దారిలో రాలిపోయినవారి లెక్క యే బడిపుస్తకమున నున్నది? రామను రంగూను పోయి వచ్చినది చరిత్ర. వీరు పోయి రానిది చరిత్ర కాదా?

ఇప్పుడు నా తప్పొకటి చెప్పుకొందును. పదవీవిరమణమునకు కొంచెము ముందుగా నొకనాడు సంతలో నాకొక తల్లి యెదురైనది. ఆమె కుమారుడు నాయొద్ద మూడేండ్లు చదివినవాడు. పద్యము కమ్మగా చదువునని వానిని నేను ప్రతి సభలోను ముందు నిలిపెడివాడను. నేను సంతోషముతో, "అబ్బాయి యెక్కడున్నాడమ్మా? పెళ్లి చేశారా?" అని యడిగితిని. ఆమె చేతిసంచి క్రిందపెట్టి, "వాడు పోయి మూడేళ్లయిందండి, మాస్టారూ. మీకు తెలిసే ఉంటుందనుకున్నాను," అన్నది. అంతకంటె నన్ను నిందింపలేదు. మా యిండ్ల నడుమ దూరము రెండు కోసులైనను లేదు. వాని హాజరు నేను మూడేండ్లు ప్రతిదినము వేసితిని. వాడు లేని మూడేండ్లు నాకు తెలియనే లేదు.

ఆ పిమ్మట నొక కతోలిక పాఠశాలవారు తమ పూర్వవిద్యార్థుల కూటమికి నన్ను తెలుగు పద్యములనుగూర్చి మాటాడుటకు పిలిచిరి. ప్రసంగములకు ముందు ప్రధానోపాధ్యాయులైన గురువుగారు ఒక లావుపాటి నోటుపుస్తకము తెరచిరి. ఆ యేడు పూర్వవిద్యార్థుల యిండ్ల పుట్టిన బిడ్డల పేర్లు చదివిరి. అందరును చప్పట్లు కొట్టిరి. పెండ్లియైనవారి పేర్లు చదివిరి, నవ్వులు, పరిహాసములు. తరువాత మరణించినవారి పేర్లు, వారు చదువు ముగించిన సంవత్సరముతో కూడ చదువనారంభించిరి. సభ యెల్ల లేచి నిలిచెను. హిందువులు, మహమ్మదీయులు, క్రైస్తవులు ననక అన్ని పేర్లును ఒకే వరుసలో వచ్చెను. ఒక్కొక్క పేరునకు వెనుకబల్లలనుండి ఎవరో యొకరు నిట్టూర్చిరి. కతోలికులు నవంబరు 2న ఆత్మలపండుగనాడు సమాధులయొద్ద తమవారిని తలచుకొనునట్లే, ఆ పాఠశాల తనవారిని తలచుకొన్నది.

ఇది పరాయిమతపు పద్ధతి, మనకేల యని మీలో నెవరైన తలంతురేమో. నేను శాస్త్రము చదివినవాడను గనుక చెప్పుచున్నాను. మహాలయమునందును తీర్థమునందును తర్పణము చేయదగినవారి పట్టికలో తండ్రి, తాత, తల్లి, మేనమామలతో ఆగక, మన పెద్దలు గురువును, శిష్యుని, ఆప్తుని కూడ చేర్చిరి. శిష్యునకు గురువు నీళ్లు విడువవచ్చును, విడువదగును. 2015 పుష్కరములలో గోష్పాదరేవున నేను మా పితరుల వరుస ముగించి, ఆ కుఱ్ఱవానికై దోసిలి పట్టితిని. పురోహితుడు గోత్రమడిగెను. నాకు తెలియదు. పేరడిగెను. బడిపుస్తకములోని పేరు చెప్పితిని. ఇంటిలో వానిని ఏ పేర పిలిచిరో నేనెన్నడు నడుగలేదు. నీరు విడిచితిని గాని, తృప్తి కలుగలేదు. మరునాడే యొక నోటుపుస్తకము కొంటిని.

కావున పెద్దలారా, మీకు నా మనవి యిది. ప్రతి యింట నొక గట్టి అట్టపుస్తక ముంచుడు. పుట్టిన బిడ్డ పేరు, తిథి, ఇంగ్లీషు తేది రెండును, ఊరు వ్రాయుడు. తల్లి పేరును ఆమె పుట్టింటిపేరుతో వ్రాయుడు. పురిటిలోనే పోయిన బిడ్డనుకూడ విడువకుడు; తల్లి యెట్లును మరువదు, మీరేల మరువవలెను? కోడలిని వ్రాసినట్లే అత్తవారింటికి పోయిన కూతురిని, ఆమె బిడ్డలను వ్రాయుడు. దూరదేశమునకు పోయినవాని ఊరు, పోయిన సంవత్సరము వ్రాయుడు. మరణము వ్రాయునపుడు తిథి యొక్కటియే చాలదు. సంవత్సరము లేని తిథి తద్దినమునకు పనికివచ్చును గాని చరిత్రకు రాదు. ఆ పుస్తకమును నేలపెట్టెలో పెట్టక అటకపై పెట్టుడు. 1953లోను 1986లోను గోదావరి మన యిండ్లలో నెంత యెత్తున నిలిచెనో మీకు తెలియనిది కాదు. నీటికి చిక్కనిదానిని చెదలు తినును గనుక ఏటేట నొకమారు ఎండబెట్టుడు.

మీ యూరి పాఠశాల పూర్వవిద్యార్థులు ఏడాది కొకమారు కూడినచో మంచిది. కూడినప్పుడు దండలు, ఉపన్యాసములు కొంచెము తగ్గించి, ఆ యేటి పుట్టుకలు, పెండ్లిండ్లు, మరణములు ఒక్కరు నిలిచి చదువుడు. చదివిన పుస్తకమును పాఠశాలలోనే యుంచుడు. క్రొత్త పంతులు వచ్చినపుడు ముందుగా దానిని అతని చేతికిండు. అప్పుడు సంతలో నెదురైన తల్లి నేమడుగవలెనో, ఏమడుగరాదో అతనికి తెలియును.

నా పుస్తకమున నేటికి నాలుగువందలకు పైగా పేర్లెక్కినవి. మొదటి పంక్తిలో నున్నది ఆ కుఱ్ఱవాని పేరు. వాని తల్లి యింటికి నేనే పోయి, గోత్రమును, ఇంటిలో పిలుచు పేరును అడిగి తెలిసికొంటిని. రాబోవు పుష్కరమునకు పురోహితుడు నన్నడుగుచో, నేను వెనుకకు తిరిగి చూడ నక్కరలేదు.